హాట్‌డాగ్‌కొక ఓటు

ఆ సోమవారం పొద్దున వెర్నా టటిల్ పెట్టుకున్న పని ఒక్కటే. స్ట్రాబెర్రీ పళ్ళు చిదిమి, పంచదార కలిపి, డబ్బాలకెత్తి ఫ్రీజర్‌లో పెట్టడం. జూన్ నెల వచ్చిందంటే మార్లో ఫెర్రీ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ జరిగే పనే ఇది. ముందు రోజే ఆమె ఫ్రీజర్ ఖాళీ చేసి, తుడిచి, డబ్బాలు వరసగా బోర్లించి ఉంచింది. తీరా చూస్తే పంచదార సీసా అడుగంటింది. చేతులు కడుక్కుని, గడ్డి టోపీ పెట్టుకుని కొట్టుకి బయలుదేరింది.

కొట్టుకి వెళ్ళే దారిలోనే బేస్‌బాల్ మైదానం గేటు ఉంది. ఉత్తరాలు పోస్టు చేసి వస్తానని ఇంట్లోంచి వెళ్ళిన ఆమె భర్త హార్లన్, ఆ ఉత్తరాలు ఇంకా చేతిలోనే పట్టుకుని గేటు ముందు నిలబడి ఉన్నాడు. భార్యను చూడగానే గబుక్కున వంగి బూటు లేసు కట్టుకోబోయాడు. అవి లేసుల్లేని బూట్లు.

"ఏం చూస్తున్నావ్?" అంది వెర్నా.

"ఏం లేదు. సాయంత్రం ఆటకి వాన పడుతుందేమోనని."

"వాన బూట్లలోంచి పడుతుందా?"

హార్లన్ నవ్వాడు. టోపీ సర్దుకుని పోస్టాఫీసు వైపు నడిచాడు. రోజూ నడిచేదాని కంటే నెమ్మదిగా నడిచాడు. అప్పుడు వెర్నా తలెత్తి గేటు మీది బోర్డు చూసింది.

మార్లో ఫెర్రీ జట్టు పేరు కొంగలు. నది ఒడ్డు ఊరు కదా, ఇంకేం పేరు పెడతారు! జీతాలిచ్చి ఆటగాళ్ళను పోషించే జట్టు అది, పెద్ద పెద్ద నగరాల జట్లంత కాకపోయినా. ఆ వేసవితో కొంగలకి డెబ్బై అయిదేళ్ళు నిండుతున్నాయి. జట్టు చరిత్రలో మహా ఆటగాళ్ళను, ఒక్కో స్థానానికి ఒక్కరు చొప్పున తొమ్మిది మందిని, మైదానం ప్రహరీ గోడ మీద నిలువెత్తు బొమ్మలుగా వేయించాలని యాజమాన్యం అనుకుంది. ఎవరిని వెయ్యాలో ఊరే తేల్చాలి. మైదానంలో రొట్టె మధ్య సాసేజ్ పెట్టి అమ్మే హాట్‌డాగ్‌ని చుట్టి ఇచ్చే కాగితం మీదే జట్టులో జీతం తీసుకున్న ప్రతివాడి పేరూ అచ్చువేశారు. హాట్‌డాగ్ తినాలి, పేరు పక్కన గీత గియ్యాలి, కాగితం పెట్టెలో వెయ్యాలి. ఎవరు ఎన్ని తింటే అన్ని ఓట్లు. ఇదేం పద్ధతి అని ఊళ్ళో ఒక్కరూ అడగలేదు. అభిమానమున్నవాడు ఎక్కువ తింటాడు, అందులో తప్పేముంది?

కొన్ని స్థానాలకి పోటీయే లేదు. ఒకే రోజు రెండు ఆటల్లోనూ బంతి విసిరి, వెంటనే ఇంటికి పోయి పాలు పితికిన రూఫస్ డిల్ ఉన్నాడు. బంతి కోసం పరుగెత్తి చెక్క కంచెలోంచి అవతలికి దూసుకుపోయిన ఎమెట్ గ్రోవర్ ఉన్నాడు. ఆ కంచెకి పడ్డ మనిషి ఆకారం కన్నాన్ని ఇప్పటికీ పూడ్చలేదు. రెండో బేస్ అనే స్థానం కాయడానికి ఆల్డో మార్కెట్టి ఉన్నాడు. అతని వైపు దొర్లిన బంతి అతన్ని దాటి పోయేది కాదని చెప్పుకునేవారు.

హార్లన్ కూడా రెండో బేస్ ఆటగాడే. కొంగల దగ్గర పదకొండేళ్ళు జీతం తీసుకున్నాడు. కాకపోతే ఆ పదకొండేళ్ళూ అక్కడ ఆల్డో నిలబడి ఉన్నాడు. ఆల్డోకి పన్ను నొప్పి చేసినప్పుడు, ఆల్డో పెళ్ళినాడు, ఆల్డో కొడుకు పుట్టిననాడు హార్లన్ ఆడాడు. ఆల్డోకి ఒక్కడే కొడుకు. మిగతా కాలమంతా హార్లన్ బెంచీ మీద కూర్చున్నాడు. అందుకే డెబ్బై దాటినా ఊళ్ళో అతన్ని "బెంచీ" అనే పిలుస్తారు. అతను కోపం తెచ్చుకోడు.

బోర్డు మీద ఆల్డో పేరు పక్కన మూడంకెల సంఖ్య వేలాడుతోంది. కింద ఇంకా ఎవరెవరివో పేర్లు, ఒక్కోదానికి పదో పదిహేనో ఓట్లతో. అన్నిటికంటే కింద హార్లన్ టటిల్. దాని పక్కన గుండ్రంగా, తెల్లగా, కొత్తగా రంగు వేసిన సున్నా.

వెర్నాకి సున్నా కంటే కూడా ఆ లేని లేసులే కళ్ళ ముందు కదిలాయి. ఆగస్టులో పండగనాడు పాత ఆటగాళ్ళందరినీ మైదానంలో వరసగా నిలబెట్టి ఎవరికెన్ని ఓట్లో మైకులో చదువుతారు. హార్లన్ అప్పుడే పాత టోపీ బయటికి తీసి బ్రష్షుతో దులిపి పెట్టుకున్నాడు కూడా. ఊరంతటి ముందు, మైకులో, సున్నా!

పంచదార కొనకుండానే ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆట మొదలయ్యాక, హాట్‌డాగ్ దుకాణం దగ్గర వెర్నాని చూసి రొండా నోరు తెరిచింది. రొండా ఇరవై ఏళ్ళుగా ఆ దుకాణం నడుపుతోంది. వెర్నాకి ఒక్కసారి కూడా హాట్‌డాగ్ అమ్మలేదు.

"ఏంటి మిసెస్ టటిల్, మీకు పడదు కదా?"

"ఇప్పుడు పడుతోంది. ఒకటియ్యి."

మొదటి కాగితం మీద వెర్నా ఊళ్ళో అందరిలాగే, పెద్దగా ఆలోచించకుండా గీత గీసి పెట్టెలో వేసేసింది. ఆ తర్వాత ఇంకొకటి అడిగింది. రెండో కాగితం దగ్గర మాత్రం అటూ ఇటూ చూసి, పెట్టెకి వీపు అడ్డం పెట్టి గీసింది. మూడోది కూడా అలాగే.

"మూడూ ఇక్కడే తింటారా?" అంది రొండా.

"సంచీలో వెయ్యి."

సున్నా పోతే చాలనుకుంది వెర్నా. రెండు ఓట్లంటే సున్నా పోయినట్టే. కానీ ఇంటికి వచ్చాక ఆలోచిస్తే రెండు ఓట్లు సున్నా కంటే అన్యాయంగా కనిపించాయి. సున్నా అయితే జనం పేరు చూడలేదేమో అనుకోవచ్చు. రెండంటే పెళ్ళామూ, కుక్కా వేశారనుకుంటారు. కనీసం పదన్నా ఉండాలి. పదికి చేరాక, బోర్డు మీద పైనున్న పేరుకి పదిహేను ఉన్నాయని గుర్తొచ్చింది.

ఇంటికొచ్చిన హాట్‌డాగ్‌లు ఎవరో ఒకరు తినాలి కదా. మంగళవారం అవి చిక్కుడు గింజల్లో తేలాయి. బుధవారం మాకరోనీలో కనిపించాయి. గురువారం పులుసు కాసింది. శుక్రవారం బంగాళాదుంపల కింద దాచింది కానీ హార్లన్ ఫోర్కుతో తవ్వి పట్టుకున్నాడు.

"వెర్నా, మనకేమన్నా కష్టం వచ్చిందా?"

"ఎందుకలా అడుగుతావ్?"

"యుద్ధం రోజుల్లో కూడా మా అమ్మ ఇలా వండలేదు."

"నోరు మూసుకుని తిను. బలానికి మంచిది."

హార్లన్ రెండు ముక్కలు తిని కంచం పక్కకి నెట్టాడు. ఈ మనిషి యాభై ఏళ్ళ కాపురంలో కంచం పక్కకి నెట్టడం వెర్నా ఎప్పుడూ చూడలేదు.

సోమవారం బోర్డు మారింది. వెర్నా వేసినవి పాతిక కూడా ఉండవు. హార్లన్ పేరు పక్కన అరవై పైన ఉంది! ఆమె కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఆ పైవారం సంఖ్య మూడంకెలకి చేరింది. మంగలి దుకాణంలో ఇదే చర్చ.

"బెంచీకి ఎవడు వేస్తున్నాడ్రా ఇన్ని?"

"ఎవడో కుళ్ళు జోకులోడు అయ్యుంటాడు."

"జోకైతే జోకే కానీ, ఆల్డోని దించేసి ఆ గోడ మీద బెంచీని నిలబెడతామా? నిలబడ్డం వాడికి అలవాటుందా అసలు?"

అందరూ నవ్వారు. నవ్వి, ఆ సాయంత్రమే ఆల్డో కోసం తినడానికి వరస కట్టారు. వచ్చే సోమవారానికి ఆల్డో సంఖ్య ఎగిరి ఎక్కడికో పోయింది. బోర్డు ముందు హార్లన్ మళ్ళీ వాన కోసం చూస్తుండగా వెర్నా దూరం నుంచి చూసింది. ఆపేద్దామనుకున్నది కాస్తా, ఇంకో సంచీ తీసుకుని వెళ్ళింది.

ఫ్రీజర్ నిండింది. జామ్ కోసం బోర్లించిన డబ్బాల నిండా హాట్‌డాగ్‌లే. స్ట్రాబెర్రీలు మెత్తబడితే పక్షులకి వేసింది. చర్చి విందుకి పెద్ద పళ్ళెం పట్టుకెళ్తే పాస్టరు ఆమె దానగుణం గురించి ప్రసంగంలో చెప్పాడు. దాంతో తర్వాతి ఆదివారం కూడా తీసుకెళ్ళక తప్పలేదు. ఎదురింటి కుక్క ఆమెను చూడగానే కంచె దూకడం నేర్చుకుంది. కొద్ది రోజులకి దూకలేనంత లావెక్కి, కంచె ఇవతలే పడుకుని ఎదురుచూడటం మొదలుపెట్టింది.

వెర్నాని భయపెట్టింది మాత్రం అవేవీ కాదు, హార్లన్. ఇంట్లో ముద్ద ముట్టడు. ఆట ఉన్న ప్రతి సాయంత్రం "కాస్త గాలి పీల్చుకొస్తా" అని వెళ్ళి, పొట్ట పట్టుకుని వస్తాడు. ఒకరోజు చొక్కా కఫ్ మీద పసుప్పచ్చని మరక కనిపించింది.

"ఇదేంటి?"

"పువ్వుల పుప్పొడి."

"ఏ పువ్వులు?"

"పచ్చవి."

మర్నాడే అతన్ని డాక్టరు ఫెల్ప్స్ దగ్గరికి లాక్కెళ్ళింది. అక్కడ కుర్చీలో ఆల్డో మార్కెట్టి కూర్చుని ఉన్నాడు, మొహం ఉబ్బి, బూట్లు వదులు చేసుకుని.

"ఏరా బెంచీ, నువ్వూనా?" అన్నాడు ఆల్డో.

"నన్ను వెర్నా తెచ్చింది. నీకేమైంది?"

"గాలి మార్పు," అన్నాడు ఆల్డో. ఆ వీధిలోనే పుట్టి ఆ వీధిలోనే ఉంటున్న మనిషి.

డాక్టరు హార్లన్ చేతికి బీపీ పట్టీ చుట్టి, గాలి కొట్టి, కనుబొమలు పైకెత్తాడు. "ఒంట్లో ఉప్పు పేరుకుపోయింది. ఏం తింటున్నారు మీరు?"

హార్లన్ మెల్లగా వేలెత్తి వెర్నాని చూపించాడు.

వెర్నా ఎర్రబడింది. పులుసుతో సహా అన్నీ గుర్తొచ్చి, నిజమేనని ఒప్పుకుంది. ఆ తర్వాత లోపలికి వెళ్ళిన ఆల్డో కూడా బయటికొచ్చి కోడలి వంట మీద పెట్టేశాడు. పాపం ఆ అమ్మాయి ఊళ్ళోనే లేదు, పుట్టింటికి వెళ్ళి నెలయింది.

ఓటింగుకి ఆఖరి వారం. ఆ శనివారం ఆటలో ఏడో ఇన్నింగ్స్ సగమైంది. అప్పుడు మైదానంలో జనమంతా లేచి నిలబడి, ఒళ్ళు విరుచుకుని, కలిసి పాట పాడుకోవడం ఆచారం. పసిపిల్లని ఎత్తుకున్న తల్లి కూడా లేస్తుంది. వెర్నా ఎప్పుడూ ఆ సమయం చూసే దుకాణానికి వెళ్ళేది. అందరి మొహాలూ మైదానం వైపు ఉంటాయి, తన గీతలు ఎవరూ చూడరు.

ఆ రోజు పాప్‌కార్న్ పీపా వెనకాల అదే ఆలోచనతో ఇంకొకరు నిలబడి ఉన్నారు. గడ్డం మీద ఆవ సాస్, చేతిలో నాలుగు కాగితాలు, చెవిలో పెన్సిలు. ఆల్డో మార్కెట్టి!

"సిగ్గులేదూ!" అంది వెర్నా. "ఊరంతా నీకే వేస్తోంది కదా, ఇంకా నువ్వు కూడా వేసుకోవాలా?"

ఆల్డో కాగితాలు వీపు వెనక్కి పెట్టుకున్నాడు. వెర్నా లాక్కుంది. నాలుగింటి మీదా ఒకే చోట గీత ఉంది. హార్లన్ టటిల్.

పాట అయిపోయి జనం కూర్చుంటుంటే ఇద్దరూ పీపా వెనక్కి ఇంకాస్త నక్కారు.

"వాడికి చెప్పకు," అన్నాడు ఆల్డో. "ఆ సున్నా పక్కన నా అంకె చూస్తే నాకు అన్నం సయించలేదు. పదకొండేళ్ళు నా వెనక బెంచీ మీద కూర్చున్నాడు వెర్నా. నా కాలు విరగాలని ఒక్కరోజు కూడా కోరుకోలేదు. కోరుకున్నా నాతో అనలేదు."

"ఒకసారి కోరుకున్నాడు," అంది వెర్నా నిజాయితీగా. "మా అత్తగారు ఆట చూడ్డానికి వచ్చిన రోజు."

"అది న్యాయమే." ఆల్డో ఆమె సంచీలోకి తొంగిచూశాడు. "అయితే నువ్వు కూడానా! అందుకేనా వాడంత పైకి లేచింది? నేను నా ఒక్కడి బలమే అనుకుని మురిసిపోతున్నా."

"ఇప్పుడేం చేద్దాం? అతను గానీ గెలిస్తే ఊరు ఊరుకోదు. ఓడితే మళ్ళీ ఎంత తేడాతో ఓడతాడో!"

"ఊరుకో. నాకు ఓట్లు ఎలా పడుతున్నాయో చూస్తున్నావు కదా. ఆపడం నా వల్ల కావట్లేదు." ఆల్డో కాస్త గర్వంగానే నిట్టూర్చాడు. "జనానికి నేనంటే అంత పిచ్చి."

ఇక చాలని ఇద్దరూ చేతులు కలిపి ఒట్టేసుకున్నారు. వెర్నా వెళ్ళాక ఆల్డో ఆ నాలుగు కాగితాలూ పెట్టెలో వేశాడు. తిన్నవి వృథా పోకూడదని. వెర్నా కూడా గేటు దాకా వెళ్ళి, అదే ఆలోచనతో వెనక్కి వచ్చింది.

పండగ రోజు ఆదివారం. ఎండ దంచేస్తోంది. పాత ఆటగాళ్ళు మైదానంలో వరసగా నిలబడ్డారు. కొందరికి చేతికర్రలు, ఇద్దరికి చక్రాల కుర్చీలు, అందరికీ టోపీలు. కొంగ వేషం వేసినవాడు రెక్కలాడిస్తూ వాళ్ళ మధ్య తిరుగుతున్నాడు. ఆల్డో, హార్లన్ పక్కపక్కన ఉన్నారు. వెర్నా మొదటి వరసలో కూర్చుని చేతిరుమాలు మెలితిప్పుతోంది.

రూఫస్ డిల్ పేరు చదివితే అతని మనవరాలు వచ్చి అందరికీ చెయ్యి ఊపింది. ఎమెట్ గ్రోవర్ పేరు చదివితే కంచె కన్నం వైపు తిరిగి అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత మైకు గొంతు సవరించుకుంది.

"రెండో బేస్. హార్లన్ టటిల్... ఆరువందల పదకొండు ఓట్లు!"

జనంలోంచి ఒక పెద్ద "ఆ!" లేచింది. వెర్నా కళ్ళు మూసుకుంది.

"ఆల్డో మార్కెట్టి... ఆరువందల పన్నెండు!"

మైదానమంతా లేచి నిలబడింది, ఏడో ఇన్నింగ్స్ కాకపోయినా. "బెంచీ! బెంచీ!" అని అరుస్తున్నారు. మంగలి దుకాణం వాళ్ళే అందరికంటే గట్టిగా అరుస్తున్నారు. ఒక్క ఓటుతో ఓడినవాడిని చూస్తే ఎవరి మనసైనా కరుగుతుంది కదా. గెలిచిన ఆల్డో సంగతి కొంగ తప్ప ఎవరూ పట్టించుకోలేదు. హార్లన్ టోపీ తీసి గుండెకి ఆనించుకుని, ఎటు తిరిగి వంగాలో తెలియక నాలుగు వైపులా వంగాడు. అతని చెవులు ఎర్రగా మెరిసిపోతున్నాయి.

ఇంటికి వెళ్ళేటప్పుడు పాత పికప్ ట్రక్కుని హార్లన్ ఊరంతా చుట్టి తీసుకెళ్ళాడు. కనిపించిన ప్రతివాడూ చెయ్యి ఊపాడు. ఊరి చివర, నది పక్కన బండి ఆపాడు.

"ఒక్క ఓటు, వెర్నా."

"అవును. పోనీలే."

"పోనీ ఏంటి! అంతకంటే బాగా ఎవడన్నా ఓడగలడా?" అని నవ్వి, తర్వాత గొంతు తగ్గించాడు. "నీకొకటి చెప్పాలి. ఆ మరక పుప్పొడి కాదు."

"తెలుసు."

"నా అంకె లేచిన రోజే ఫ్రీజర్ తెరిచి చూశా. నువ్వేం చేస్తున్నావో అర్థమైంది. నాకు సంతోషమే అనుకో. కానీ గోడ మీద ఆల్డో ఉండాల్సిన చోట నేనుంటే రోజూ ఆ వీధిలో ఎలా నడవను? వాడి ఆట నా అంత దగ్గరగా చూసినవాడు ఊళ్ళో లేడు. పదకొండేళ్ళు చూశా, కదలకుండా. అందుకని ప్రతి సాయంత్రం వెళ్ళి వాడికోసం తిన్నా. మూడు, ఒక్కోరోజు అయిదు. నువ్వు ఇంటికి తెచ్చినవి కూడా తినమంటే ఎక్కడ పడతాయి చెప్పు?"

వెర్నా అతని చొక్కా కఫ్ సర్దింది. జనానికి నేనంటే పిచ్చి అన్న ఆల్డో మాట గుర్తొచ్చింది. ఆ సంగతి ఆల్డోకి ఎప్పటికీ చెప్పకూడదనుకుంది.

"కోపమా?" అన్నాడు హార్లన్.

"కాదు."

"నువ్వు అంత శ్రమపడి వేస్తే నేను పాడుచేశాను కదా. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తక్కువ తిన్నా సమానంగా వచ్చేవాళ్ళం. ఇద్దర్నీ గోడ మీద పక్కపక్కన వేసేవాళ్ళేమో." అతను నిట్టూర్చి ఆమె వైపు తిరిగాడు. "పాపం, నువ్వు మాత్రం అన్నీ నాకే వేశావు."

వెర్నా కిటికీ అద్దం కిందికి దించి, గడ్డి టోపీ ఒళ్ళో పెట్టుకుంది.

"రెండో కాగితం నుంచి," అంది.